నిమ్మాకు ముట్టని పురుగులు

ఒక జాతి రెండు జాతులుగా ఎలా చీలుతుందో చెప్పడానికి మా జువాలజీ పుస్తకంలో ఆపిల్ ఈగను ఉదాహరణగా ఇచ్చారు. నర్సీపట్నంలో ఆపిల్ చెట్టు ఎక్కడుందో ఆ రాసినవాళ్లే వచ్చి చూపించాలి. ఆ ఈగలు మొదట వేరే చెట్టు కాయల మీద బతికేవి. కొన్ని ఆపిల్‌కు మారాయి. ఆపిల్ ముందుగా పండుతుంది కనుక ఆ ఈగలూ ముందుగానే బయటికొస్తాయి. తినే చెట్టు మీదే జతకడతాయి. మధ్యలో కొండ లేదు, ఏరు లేదు, పక్కపక్క చెట్లే. అయినా ఎదురుపడటం తగ్గిపోతుంది. అలా తరాలు గడిస్తే పరాయివైపోతాయి.

పిల్లలకు కళ్లతో చూపిద్దామని మా పెరటి కరివేపాకు మొక్క మీది సీతాకోకచిలుక పురుగులను కొమ్మతో సహా డబ్బాలో పెట్టి కాలేజీకి తెచ్చాను. చిన్నప్పుడు పిట్టరెట్టలా ఉంటాయి, ఎదిగాక పచ్చబడతాయి. ముట్టుకుంటే నెత్తిన ఎర్రకొమ్ములు బయటపెట్టి కంపు కొడతాయి. స్టాఫ్ రూములో నా గురించి కూడా దాదాపు ఇదే అంటారు.

పాఠం ఒక్కటే కారణం కాదు. బోటనీ మేడంతో మళ్లీ కలిసి భోంచేయాలని ఉంది. ఏళ్ల తరబడి ఒకే బెంచీ మీద క్యారేజీలు విప్పుకున్నాం. ఆవిడ కూర నా గిన్నెలో, నా పచ్చడి ఆవిడ అన్నంలో. మూత తీయకముందే వాదన మొదలయ్యేది. కిందటేడు బోటనీని గ్రౌండుకు అవతల కొత్త బ్లాకులోకి మార్చారు. వాళ్లకు భోజనం బెల్లు మాకన్నా ఒక పీరియడు ముందు. మేం పోట్లాడి విడిపోలేదు. పోట్లాటైతే నాకు చేతనవును.

ఆవిడ వరండాలో కుండీలో నిమ్మమొక్క ఉంది. ఈ సీతాకోకచిలుక నిమ్మ మీద కూడా గుడ్లు పెడుతుంది. నా క్లాసు ఇంకొకరికి అప్పగించి డబ్బా, క్యారేజీ పట్టుకుని వెళ్లాను.

"ఏటే, ఇన్నాళ్లకి దారి తెలిసిందా? ఆ డబ్బాలో ఏటి?" అంది.

"నీ నిమ్మమొక్కకి సుట్టాలు."

"కరివేపాకు మరిగినవి ఇప్పుడు నిమ్మాకు ముట్టవే."

"రెండూ ఒకే కుటుంబమని పాఠం సెప్పేది నువ్వే కదా."

"కుటుంబం ఒకటైతే సరిపోద్దేటి? మా తోడికోడలి వంట నేను తింటన్నానా?"

పురుగుల్ని నిమ్మ మీదికి ఎక్కించి లోపలికి వెళ్లాం. బల్ల చుట్టూ కొత్త లెక్చరర్లు. నాకు కుర్చీ తెచ్చి వేశారు. ఎవరిదో స్కూటీ గురించి నవ్వుకుంటున్నారు. ఆవిడ నాకు వివరించబోయి, "అది నువ్వుండి సూడాల్లే" అని ఊరుకుంది. పచ్చడి గిన్నె ఆవిడ వైపు జరిపాను.

"కారం మానేశానే. కడుపులో మంట. నీకు సెప్పలేదు కదూ?"

చెప్పలేదు.

మర్నాడు సాయంత్రం వెళ్లి చూస్తే నిమ్మాకు మీద గాటు లేదు. పురుగులు వడలిపోయి కుండీ అంచు చుట్టూ తిరుగుతున్నాయి.

"ఆకు ముదిరిపోయింది," అన్నాను.

"లేతాకే. కళ్లెట్టి సూడు. బేగి తీసుకుపో, సచ్చిపోతాయి." డబ్బా మూత తనే పెట్టి ఇచ్చింది. "అప్పుడప్పుడూ వస్తా ఉండవే."

ఆ మాట గుమ్మం దాకా సాగనంపేటప్పుడు చుట్టాలతో అనేది. అన్నాళ్లూ మా మధ్య దాని అవసరం రాలేదు.

ఆ పురుగులు వేరే జాతి కాదని క్లాసులో గట్టిగానే చెప్పాను. ఆ గుడ్లు నిమ్మ మీద పడి ఉంటే నిమ్మాకే తినేవి. ఇప్పటికి వేరుపడింది అలవాటు మాత్రమే. చీలిక అలాంటి చోట మొదలవ్వచ్చు, మొదలవకపోవచ్చు. మనుషులతో పోల్చవద్దని కూడా చెప్పాను. పరీక్షలో అలా రాస్తే మార్కులు కోస్తాను.

ఆ మర్నాడు కారం వేయకుండా పొట్లకాయ కూర వండి రెండు గిన్నెల్లో సర్దుకొచ్చాను. ఆ రోజు నా క్లాసు తీసుకోవడానికి ఎవరూ దొరకలేదు. మా బెల్లు కొట్టేసరికి గ్రౌండు అవతల కుళాయి దగ్గర వాళ్లు క్యారేజీలు కడుగుతున్నారు. ఆవిడ తడిచేతులు విదుల్చుకుంటూ ఎవరితోనో నవ్వుతోంది. పిలిస్తే వినిపించే దూరమే.

బెంచీ మీద కూర్చుని ఒక గిన్నె తిన్నాను. ఉప్పు సరిపోయింది, కారం లేక రుచించలేదు. డబ్బాలో పురుగులు కొత్త కరివేపాకును అంచు నుంచి తింటున్నాయి. రెండో గిన్నె మూత తీయకుండా ఇంటికి పట్టుకెళ్లాను.