వాసాల సందులో ఉత్తరం

“చదువకుంటనే చింపుతవానే? నీ రెండు తరగతుల సదువు దేనికొచ్చినట్టు?”

“మూలలకు నలుపున్న కాయితం ఇంట్ల పెట్టుకుంటరా అత్తమ్మా? మూడు దినాల సంది పిల్ల జరంతోని పడున్నది. గది కండ్ల వడ్డది. చావు కబురనుకున్న. చింపి కుడితి గోలెంల ఏసిన.”

“చావు కబురు కాదే! పొయ్యి పొగకు నల్లగైంది. మా బాపు నాకు రాసిన కాయితమే అది!”

అప్పుడు మేము ఎల్లారెడ్డిలో ఉండేవాళ్లం. చావు కబురు తెచ్చే ఉత్తరానికి మూలల్లో నల్ల సిరా పూసి పంపేవారు. దాన్ని గడప బయటే చదివి, చింపి, నీళ్లలో వేయాలి. అలాంటిది ఇంట్లో నిలవకూడదని నాకు గట్టి పట్టింపు.

మా అత్త తండ్రి కిందటి శతాబ్దంలో నవలలు రాసి మద్రాసులో అచ్చు వేయించినవాడు. ఆయనా, అన్నదమ్ములూ రాసుకున్న ఉత్తరాలు ఆమె సందుక పెట్టెలో ఉండేవి. కామారెడ్డిలో కొత్తగా పెట్టిన గ్రంథాలయం వాళ్లు వాటిని అడిగారు. ఆ ఊళ్లోనే గుమాస్తాగా ఉన్న మా ఆయన మర్నాడు వచ్చి తీసుకుపోవాలి. సాయంత్రం నేను కట్ట కట్టబోతే అన్నిటికన్నా పైన ఆ నల్లమూలల కాగితం కనిపించింది.

దాని సంగతి ఆమె ఏడుస్తూ చెప్పింది. ఒక నవలలో తండ్రి ఆమె కాపురం కష్టాలే పేర్లు మార్చి రాశాడట. అత్తింటివాళ్లు చదివించుకుని విని, “మీ బాపు మమ్మల్ని బజార్ల పెట్టిండు” అని ఎత్తిపొడిచారట. ఆమె తండ్రితో మాట మానేసింది. కొన్నాళ్లకు ఆయన నుంచి ఒక్క ఉత్తరం వచ్చింది. ఆమెకు చదువు రాదు. ఎవరిచేతా చదివించలేదు. మడత విప్పకుండా పొయ్యి పైన వాసాల సందులో దోపింది. ఏడాది తిరగకముందే ఆయన పోయాడు. ఆ తరువాత ధైర్యం చాలలేదట. తండ్రి తప్పు ఒప్పుకున్నాడో, తననే తిట్టాడో ఇప్పుడైనా తెలియాలని, కొడుకు చేత చదివించుకుందామని, ఆ రోజే తీసి కట్ట మీద పెట్టింది.

ఒకవైపు ఖాళీ ఉన్న కాగితాన్నైనా పారేయకుండా పొట్లాలకు దాచే మనిషిని నేను. దాన్ని మాత్రం విప్పనైనా విప్పలేదు.

ఆమె మోచేతి దాకా బర్రె కుడితి గోలెంలో చెయ్యి పెట్టి తవుడు నీళ్లలోంచి ముక్కలు ఏరింది. నేనూ వంగాను.

“నువ్వు ముట్టకు” అంది.

తెల్లవారి మా ఆయన పొద్దటి బస్సుకు వచ్చాడు. చాటలో ఆరిన ముక్కలు చూసి నా వైపు తిరిగాడు.

“గ్రంథాలయపోల్లకు ఏమని చెప్పాలె? మా బర్రె చదివిందనా?”

 అతను ముక్కలు అటూ ఇటూ జరిపి చదివాడు. “చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి” అన్నది తెలిసింది. ఇంకో ముక్కలో “ఆ నవలలో” అని ఉంది.

“ఇంకేమున్నదిరా?”

“గింతే అవ్వ. సిరా కరిగిపోయింది. వీటిని గూడ తీస్కపోనా?”

“అవి నావి.”

అతను కట్ట తీసుకుని కామారెడ్డి బస్సెక్కాడు. ఆమె ముక్కలను గుడ్డలో మూటగట్టి, పీట ఎక్కి, పొయ్యి పైన ఆ వాసాల సందులోనే దోపింది. పిల్లకు జావ కాయాలి. నేను వాకిట్లో మూడు రాళ్లు పెట్టి పొయ్యి ముట్టించాను.