గడ్డ పక్కన సున్న

ఆ రోజుల్లో, అంటే గోదావరిని పడవ మీద తప్ప దాటే దారిలేని రోజుల్లో, ఎఫ్.ఏ. ప్యాసైనవాడికి తెలియని విషయమంటూ ఉండేది కాదు. అందుకే రాజమండ్రి ఆస్పత్రికి కొత్తగా వచ్చిన డాక్టరు దొరకి తెలుగు నేర్పే పని నాకు పడింది. "మా భాషలో ముఖ్యమైన మాటలన్నీ సున్నతో ముగుస్తాయండి. రోగం, వైద్యం, ప్రాణం" అని మొదటి పాఠం చెప్పాను. దొర చాలా తెలివైనవాడు. ఆ తరవాత దేన్నీ సున్న లేకుండా వదల్లేదు.

అప్పుడొచ్చాడు గడ్డపాయన (అసలు పేరు అడగాలని ఎవరికీ తోచలేదు, ఆ గడ్డం అలాంటిది). గోదావరిలో వలేసుకు బతికే మనిషి. ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఒళ్లంతా చెమటలు పట్టి, తల పగిలిపోయేదట. కాసేపటికి ఏమీ ఎరగనట్టు సర్దుకునేదట. తగ్గితే జాతరలో గడ్డం ఇస్తానని పెద్దాపురం మరిడమ్మకి మొక్కుకున్నాడు. దొర అతని ఎడమ డొక్కలో వేళ్లు పెట్టి నొక్కగానే దడ మొదలైంది. చెయ్యి తీస్తే మెల్లగా సద్దుమణిగింది. లోపల గడ్డ! గడ్డని నొక్కితే గుండె ఎందుకు ఉలిక్కిపడాలి? దొర కళ్లు మెరిశాయి. నావీ మెరిశాయి, ఎందుకో తెలియకపోయినా.

"నీ గడ్డం తీసేయాలి. తీయకపోతే చచ్చిపోతావు" అన్నాడు దొర, నావైపు గర్వంగా చూస్తూ.

"ఆయ్, అది అమ్మోరిదండి బాబూ! జాతర దాకా కత్తి తగలకూడదండి" అని అతను లేచి రేవుకేసి నడక సాగించాడు. నేను వెనకాలే పరిగెత్తి సున్న సంగతి చెప్పాను. అతను నమ్మలేదు గాని, పడవలో ఉన్న పెళ్లాం నమ్మింది. "నీ మొక్కు బంగారంగానూ! గడ్డం కాదు మావా, పొట్టలో గడ్డంట!" (ఇందులోనూ సున్న వినబడి అతను మళ్లీ కంగారుపడ్డాడు.) "నువ్వు బతికుంటేగా అమ్మోరికి ఇచ్చేది! పద!"

మత్తుమందిచ్చి కోశారు. మూత్రపిండం నిక్షేపంగా ఉందట. దాని నెత్తిన టోపీలా కూర్చునే చిన్న గ్రంథికి బత్తాయంత గడ్డ. దొర ముట్టుకున్నప్పుడల్లా నాడి గుర్రంలా పరిగెత్తి, తీసేశాక చతికిలబడిందట. (నేను బయట తలుపు పట్టుకుని నిలబడ్డాను. అదీ సాయమే.) పొద్దువాలేసరికి అతను కళ్లు తెరిచాడు. పెళ్లాం అప్పుడు ఏడ్చింది. దొర గడ్డని సారా పోసిన సీసాలో వేసి, "మంచి గడ్డం. ఒళ్లంతా పాకే రకం కాదు" అన్నాడు.

"మంచిదైతే ఉంచేయకపోయారా అండి?" అన్నాడు రోగి నీరసంగా.

జాతర అయ్యాక నున్నటి మొహంతో వచ్చాడు. దొర చాలాసేపటికి గాని పోల్చుకోలేకపోయాడు. "నీ గడ్డం ఏది?" అన్నాడు. ఆయన ఆ మాట సరిగ్గా వాడింది అప్పుడొక్కసారే. అప్పటికి దొర తెలుగు బాగా అలవాటైన ఆ మనిషి బల్లమీది సీసా చూపించాడు: "అదిగోండి, సారాలో ఊరతాందండి."

నయం చేసింది అమ్మవారని అతను, కత్తి అని దొర. నా పాఠం మాత్రం కాదని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ గడ్డకీ గుండెకీ ఏం చుట్టరికమో నాకిప్పటికీ అంతుపట్టలేదు. కాని మంగలి వచ్చి "గడ్డం తీసేయమంటారా బాబూ?" అన్నప్పుడల్లా, ఎఫ్.ఏ. ప్యాసైన ఈ ముసలి చెయ్యి ముందుగా ఎడమ డొక్క తడుముకుంటుంది.