నల్ల మెషిన్‌లో మా ఇద్దరి జట్టు

గాజువాకలో గేమ్ కన్సోల్‌లు అమ్మే షాపులో రెండు పోటీ కంపెనీల మెషిన్లు పక్కపక్కనే ఉండేవి. ఒకటి నలుపు, ఒకటి తెలుపు. నేనూ నా స్నేహితుడూ నెల రోజులు వాటి గురించే వాదించుకున్నాం. అతను స్టీల్ ప్లాంట్‌లో క్రేన్ ఆపరేటర్, కాపురం కూర్మన్నపాలెంలో. నాకు ఆటోనగర్‌లో లేత్ షెడ్డు ఉంది. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్లం. చివరికి ఇద్దరం నల్లదే కొని, ఎవరింట్లో వాళ్లం కూర్చుని నెట్‌లో కలిసి క్రికెట్ ఆడాలనుకున్నాం.

"ఆదివారం నాకు ఆఫు బావా. ఇద్దరం కలిసెల్దాం" అన్నాడు.

నేను శుక్రవారమే వెళ్లాను. ఊరికే చూసి వద్దామనే అనుకున్నాను. షాపతను తెల్లదానిలో ఒక కారు రేసు ఆడించాడు. ఇక ఆగలేకపోయాను. తెల్లదే ఇంటికి తెచ్చేసుకున్నాను.

ఫోన్ చేసి అతనికి చెప్పాను.

"ఏటి బావా, ఇలాగ సేసీసినావ్? నీదొకటి, నాదొకటైతే ఆ కిరికెట్టు కలిసి ఆడ్డానికవదు గదా!"

"నువ్వూ తెల్లదే తీసీసుకో."

"నానెందుకు మారతాను? మాట తప్పినోడివి నువ్వు."

పంతానికి నల్లదే కొన్నాడు. ఆ తర్వాత టీ కొట్టు దగ్గర కలిసినా, ఆటల ఊసు వస్తే ఇద్దరం మాట మార్చేవాళ్లం. ఏడాది తిరక్కుండా అతనికి డెంగీ జ్వరం వచ్చింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఐదో రోజు లేడు.

రెండు నెలలకు అతని భార్య రమ్మని కబురు చేసింది. నల్ల మెషిన్‌ను పాత దుప్పటిలో చుట్టి ఉంచింది.

"ఇది మీరట్టుకెళ్లిపోండి అన్నయ్యా. సూత్తంటే ఆయన ఇక్కడే కూకున్నట్టుంతాది" అంది.

ఆ మధ్యాహ్నమే మా టీవీకి తగిలించి క్రికెట్ ఆట తెరిచాను. అందులో మనకు కావలసిన మొహాలతో ఆటగాళ్లను తయారుచేసుకోవచ్చు. అతను ఒక జట్టు చేసి పెట్టుకున్నాడు. ఓపెనర్లలో ఒకడికి అతని గుబురు మీసం. రెండోవాడికి నా బట్టతల, నా కళ్లజోడు. పేరు రాసేచోట "బావ" అని ఉంది.

సగంలో ఆపిన మ్యాచ్ కొనసాగించమంటావా అని మెషిన్ అడిగింది. దాని కిందున్న తేదీ అతనికి జ్వరం తగిలిన రోజుది.

బటన్ నొక్కాను. బ్యాటింగ్‌కు నా బొమ్మ, అవతలి వైపు అతను. బంతిని మెల్లగా తోసి పరుగుకి పిలిచాను. వెంటనే పరిగెత్తుకొచ్చాడు. ఫీల్డర్‌ను చూసి భయపడి, వెనక్కి తిరిగే బటన్ నొక్కాను. నా బొమ్మ క్షేమంగా క్రీజులోకి వచ్చేసింది. అతను అప్పటికే చాలా దూరం వచ్చేశాడు. రనౌట్. హెల్మెట్ తీసి, నా వైపు ఒకసారి చూసి, మెల్లగా నడిచి వెళ్లిపోయాడు. ఆ ఆటలో ఔటైన ప్రతివాడూ అలాగే చూస్తాడు. అది నాకు తెలుసు. అయినా కంట్రోలర్ కింద పెట్టేశాను.

వంటింట్లోంచి మా ఆవిడ వచ్చింది. "ఏటైంది? అలాగ సెమట్లు పట్టీసినాయేటి?"

ప్లగ్ పీకేశాను.

వారం దాకా దాని జోలికి పోలేదు. తర్వాత మళ్లీ పెట్టి, అదే జట్టుతో కొత్త మ్యాచ్ మొదలుపెట్టాను, ఇప్పటికీ ఆడుతున్నాను. కానీ పరుగుకి మాత్రం పిలవను. కొడితే ఫోర్ కొడతాను, లేదంటే బంతిని వదిలేస్తాను. నా బొమ్మ ఆడినంతసేపూ అతను అవతలి వైపు బ్యాట్ ఆనించి నిలబడే ఉంటాడు.