మా బీదరికానికి గొర్రెల సాక్ష్యం

బీదవాడివని రుజువు చేసుకోమని అడిగే మనిషిని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కలవాణ్ణి ఎవరైనా రుజువు అడుగుతారా? ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వస్తే చాలు, కుర్చీ వేస్తారు. బీదవాడు మాత్రం తన బీదరికానికి సాక్షుల్ని వెంటబెట్టుకుని తిరగాలి. తెల్లదొరల కాలంలో, నాకు మీసం మొలిచీ మొలవని వయసులో, ఆ రుజువు చేసే భారం నా నెత్తిన పడింది. దాన్ని నేనెంత ఘనంగా చేశానంటే, మా ఇల్లు గుల్లయింది, మా అమ్మ నెల రోజులు నాతో మాట మానేసింది. మీరు నవ్వుకుంటానంటే నవ్వుకోండి. నా కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

మాది మార్కాపురానికీ త్రిపురాంతకానికీ నడుమ ఒక మెట్ట పల్లె. మా చేలో జొన్న వేస్తే రాళ్లు మొలిచేవి, సజ్జ వేసినా రాళ్లే మొలిచేవి. నేను మార్కాపురంలో హైస్కూలు చదువు గట్టెక్కించాను. ఆ పైచదువుకు రైలెక్కి కోస్తాకు పోవాలి. అక్కడ కొందరు పెద్దమనుషులు కలిసి నడుపుతున్న ప్రైవేటు కాలేజీలో బీద విద్యార్థులకు ఫ్రీషిప్పు ఇస్తారని, అంటే ఫీజు అడక్కుండా చదువు చెబుతారని విని అర్జీ పెట్టాను.

మా నాయన గురవయ్య ఇంటి తలుపు మూసి, గడియ కూడా పెట్టి, నాతో చెప్పాడు: "చెన్నా, ఫీజు కట్టే తాహతు నాకు లేదు. ఆ ఫ్రీషిప్పేందో వస్తే పో. రాకపోతే మార్కాపురంలో పలకల కార్ఖానాలో మీ మామ పని చూసినాడు."

పలకల కార్ఖానా అంటే పొద్దంతా రాయి చీల్చి, సాయంత్రానికి పిండిలో దొర్లిన బూరెలా ఇంటికి రావడం. మా మామ దగ్గు మూడు వీధులు వినపడేది. కనుక ఫ్రీషిప్పు నాకు సరదా కాదు, చావుబతుకుల సంగతి.

కాలేజీ నుంచి కార్డు వచ్చింది. కమిటీ సెక్రటరీగారు, వృత్తికి ప్లీడరు, మా రైలు లైన్లోనే నంద్యాల వైపు పోతున్నారట. దారిలో దిగి, మా కుటుంబ పరిస్థితి కళ్లారా చూసి పోతారట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చూడటానికి మా బీదరికం ఏమన్నా తిరునాళ్లా? అర్జీలో అంత దీనంగా రాసింది చాలదా?

మంట చల్లారాక నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. అది ఆ రోజు పనిచేయకుండా ఉంటే ఎంత బాగుండేది! అయ్యా, మేం నిజంగానే బీదవాళ్లం. ఉన్నదున్నట్టు చూపిస్తే సరిపోయేది. కానీ ఆ రోజు మా ఇంట్లో నాకు కనపడిందల్లా శత్రువే. రెండు నులక మంచాలు శత్రువులు. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి బిందెలూ గంగాళమూ శత్రువులు. ఇక పాడిగేదె సంగతి చెప్పాలా? నిగనిగలాడుతూ వాకిట్లో నిలబడి, మా పరువు కాపాడుతూ, నా కొంప ముంచుతోంది.

ఆయన వచ్చే రోజు తెల్లారీ తెల్లారకముందే బిందెలు నెత్తికెత్తుకున్నాను. అమ్మ అడ్డం వచ్చింది.

"ఏందిరా ఇది? యాడికి మోసకపోతుండావు?"

"చేలో కొట్టంలో పెడతానమ్మా. ఆయన పోయినాక తెస్తా."

"ఎందుకు?"

"మనం బీదోళ్లం గదా!"

"అయితే? బీదోళ్లు నీళ్లు తాగరా?"

"కుండలో తాగుతారు."

"అంత దూరం నుంచి వచ్చే పెద్దమనిషికి మంచం గూడా వెయ్యకుండ నేల మీద కూచోబెడతావా? మా పుట్టింటోళ్లకు తెలిస్తే తలెత్తుకోగలనా?"

"మంచం కనపడితే ఫ్రీషిప్పు ఇయ్యరమ్మా."

"మంచమ్మీద పండుకునేటోడు చదువుకోగూడదని ఎవురు రాసినారురా?"

అయినా మంచాలు మోశాను, గంగాళం మోశాను, గేదెను తోలుకుపోయి కొట్టం పక్కన కట్టేశాను.

ఇంకొక ప్రమాదం మిగిలింది. అది మా నాయన నోరు. ఆయన తలుపు మూసుకుని మాత్రమే బీదవాడు. గడప దాటాడంటే జమీందారు. ఎండిన చేలో నిలబెట్టి "పంటెట్లుంది గురవన్నా?" అని అడిగితే "బెమ్మాండం!" అనే మనిషి. అందుకని ఆయన్నూ సామాన్లతో పాటు తరలించాను.

"నాయనా, కొట్టంలో సామాన్లుండాయి. సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉండు. ఇంటి దిక్కు రావాకు."

"ఆయన నన్ను చూడాల్సిన పన్లేదా?"

"నువ్వు కూలికి పోయినావని చెప్తాలే."

"నేనా? కూలికా?"

"మాటవరసకు నాయనా!"

సణుక్కుంటూ పోయాడు.

మధ్యాహ్నం రైలుకు సెక్రటరీగారు దిగారు. కోటు, తలపాగా, చేతిలో గొడుగు, చంకలో తోలుసంచి. పొరుగువాళ్ల బండి అడిగి తెచ్చి, స్టేషను నుంచి ఇంటికి తీసుకొచ్చాను. గోనెపట్టా పరిచి కూర్చోమన్నాను. ఆయన అటూ ఇటూ చూశారు.

"మంచం లేదా అబ్బాయ్?"

"లేదండీ."

"మరి పడుకునేది?"

"నేల మీదేనండీ. చలికాలమైనా అంతేనండీ."

లోపల అమ్మ ఏదో గట్టిగా కింద పెట్టిన చప్పుడైంది.

"మీ నాన్నగారు?"

"కూలికి వెళ్లారండీ."

"పాడి?"

"పాల రంగు కూడా మరిచిపోయామండీ."

సరిగ్గా అప్పుడే మా అమ్మ ముంత నిండా చిక్కటి మజ్జిగ తెచ్చి ఆయన ముందు పెట్టింది. మీద వెన్నపూస తేలుతోంది. "పక్కింటివాళ్లు దయతలచి పోశారండీ" అన్నాను. అమ్మ నన్ను చూసిన చూపుకు ఆ మజ్జిగ విరగకపోవడం ఆశ్చర్యం.

సెక్రటరీగారి మనసు కరిగింది. ఉత్తరీయంతో కళ్లు అద్దుకున్నారు. "నీ ఫ్రీషిప్పుకు నాది పూచీ" అన్నారు. నేను ఎగిరి గంతేయబోయి, బీదవాళ్లు గంతులేస్తారో లేదో అనుమానమొచ్చి ఆగాను. ఆయన లేచి, "పోతూపోతూ మీ భూమి కూడా చూసి పోతాను. కమిటీలో ఎవరైనా అడిగితే చూశానని చెప్పాలి కదా" అన్నారు.

నేను బెదరలేదు. మా భూమిని చూసి ఏడవని మనిషి ఉండడు. కొట్టం తలుపు మూసే ఉంటుంది. గేదె ఎవరిదంటే ఎవరిదో అంటాను. చేలో ఆ మనిషెవరంటే కాపలా ఉండే కూలివాడని చెబుదామనుకున్నాను. కన్నతండ్రిని! ఫ్రీషిప్పు కోసం మనిషి ఎంతకు దిగుతాడో చూశారా?

బండి మలుపు తిరిగింది. మా చేను కనపడలేదు. చేను ఉండాల్సిన చోట గొర్రెలున్నాయి. గట్టు నుంచి గట్టు దాకా, ఉప్పు చల్లినట్టు గొర్రెలు.

తెలియనివారికి చెబుతాను. నల్లమల కొండకు మందలు తోలుకుపోయే గొర్రెల కాపరులు దారిలో ఎవరి చేలోనైనా రాత్రికి మంద నిలుపుతారు. ఆ పెంటికలతో, ఆ ఉచ్చతో నేల బలమెక్కుతుంది. రెండేళ్లు పంటకు తిరుగుండదు. అందుకని చేను గల ఆసామే వాళ్లకు ఆ పూట అన్నం పెట్టి, గింజలు కొలుస్తాడు. మందల పెద్ద, నేను వరసకు మామా అని పిలిచే ఓబులేసును మా నాయన ఏడాదిగా బతిమాలుతున్నాడు. ఏడాది పొడుగునా రాని ఆ మహానుభావుడికి మా మీద దయ కలగడానికి ఆ రోజే దొరికింది!

ఇంకా చూడండి. మా రెండు మంచాల మీద ముసలి కాపరులు బారెడు కాళ్లు చాపుకుని కూర్చున్నారు. మా గంగాళంలో అన్నం కుతకుత ఉడుకుతోంది. మా బిందెలు ఎండకు ధగధగ మెరుస్తున్నాయి. అన్నిటి మధ్యా మా నాయన తలగుడ్డ చుట్టుకుని, పెళ్లిపెద్దలా కేకలేస్తున్నాడు.

"ఎవరివోయ్ ఇన్ని గొర్రెలు?" అన్నారు సెక్రటరీగారు.

"మావి కావండీ."

"మరి మీ చేలో ఎందుకున్నాయి?"

"పడుకోడానికి వచ్చాయండీ."

"ఓహో. అందుకు మీకేమిస్తారు?"

"వాళ్లివ్వరండీ. మేమే ఇస్తాం."

"వాళ్ల గొర్రెలు మీ చేలో పడుకుంటే మీరెందుకిస్తారు?"

"పెంటికలకండీ."

ఆయన నన్ను కళ్లద్దాల మీదుగా చూశారు. "మంచం కొనలేనివాళ్లు పెంటికలు కొంటారా?"

ఒళ్లు మండింది. కాలవ నీళ్లతో ఒండ్రుమట్టి వచ్చి చేలో పడే దేశపు మనిషికి పెంటికల విలువ ఏం తెలుసు? కానీ వాదించే తీరిక లేదు. ఆయన వేలు మంచాల వైపు తిరిగింది.

"ఆ మంచాలు?"

"గొర్రెలవాళ్లవండీ."

"గొర్రెల మీద వేసుకొచ్చారా?"

ఓబులేసు మామ మా మాటలు విని నవ్వుతూ వచ్చాడు. "మాకు మంచాలేడియి సామీ! ఈ చెన్నడే పొద్దున నెత్తిన మోసకొచ్చినాడంట, మా గురవన్న చెప్పినాడు. మేమొస్తామని వానికెట్ల తెలిసిందో! ఎంత మర్యాదస్తుడు సామీ ఈ పిలగాడు!"

నన్ను పుట్టినప్పటినుంచి ఎవరూ అంతగా పొగడలేదు. పొగడ్తకు ప్రాణం పోతుందని అప్పుడే తెలిసింది.

అసలు ముప్పు ఇంకా ముందుంది. మంద నిలిచిన చేలో నిలబడి ఆ ఆసామి "లేదు" అనకూడదు. అంటే మంద తగ్గుతుంది, చేను ఎండుతుంది అని మా వైపు నమ్మకం. అడుక్కునేవాడు వచ్చినా "ఉండాది" అని ఏదో ఒకటి పెట్టి పంపాలి. మామూలు రోజుల్లోనే "లేదు" అనలేని మా నాయనకు, ఇప్పుడు శాస్త్రం కూడా తోడైంది. సెక్రటరీగారు నేరుగా ఆయన దగ్గరికే నడిచారు.

"మీ అబ్బాయికి ఫీజు కట్టే స్తోమత లేదని రాశాడు. నిజమేనా?"

కాపరులంతా మా నాయన నోటి వైపు చూస్తున్నారు. నేను గట్టు మీద నిలబడి రెండు చేతులూ జోడించాను. ఆయన నన్ను చూశాడు, మందను చూశాడు.

"దేవుడి దయవల్ల అంతా ఉండాది సామీ."

"పాడి?"

"ఉండాది."

"మంచాలు?"

"ఉండాయి. కూచోండి సామీ."

"అయితే ఫీజు కడతారన్నమాట."

నేను ఆగలేకపోయాను. "నాయనా! చేలోంచి బయటికి రా! గట్టు మీదికొచ్చి చెప్పు!"

మా నాయన దిగులుగా అన్నాడు: "గట్టు మీద గూడా మందేరా."

తర్వాత తలగుడ్డ సర్దుకుని, "కడతా సామీ" అన్నాడు.

సెక్రటరీగారికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ముఖం విప్పారింది. చంకలో తోలుసంచి తెరిచి చందాల రసీదు పుస్తకం బయటికి తీశారు. "కాలేజీకి హాస్టలు కడుతున్నామండీ. తమవంటి పెద్ద ఆసాములు ఒక్క గదికి సాయం చేస్తే చాలు. లేదనరు కదా?"

లేదనరు కదా అని ఆయన అడగడం చూశారా! ఆ మనిషి ప్లీడరు కాక మరేమవుతాడు!

మా నాయన కళ్లు మూసుకున్నాడు. "రాసుకోండి సామీ" అన్నాడు.

గేదె పోయింది. బిందెలు పోయాయి. గంగాళం మార్కాపురం దుకాణానికి వెళ్లినరోజు అమ్మ వాకిట్లో కూర్చుని ఏడ్చింది. మాట ఇచ్చాక మా నాయన ఖర్చుకు వెనకాడలేదు. ఫీజూ కట్టాడు, చందా కట్టాడు. పలకల కార్ఖానాకు మాత్రం నన్ను పంపలేదు.

కాలేజీకి పోయాను. హాస్టల్లో ఒక గది గుమ్మం మీద రాతిపలక: 'దాత: శ్రీ గురవయ్యగారు, ఆసామి'. ఆ గదిలోనే నన్ను పెట్టారు, అద్దె తీసుకుని. నా పక్కన ఫ్రీషిప్పు కుర్రాడొకడు చేరాడు. వాళ్లింట్లో మూడు మంచాలు, ఒక ఆవు ఉన్నాయట.

"సెక్రటరీగారు మీ ఇంటికి రాలేదా?" అన్నాను.

"వచ్చారు. మంచమ్మీద కూర్చోబెట్టి పాలిచ్చాం. ఉన్నదంతా చెప్పాం. వెంటనే ఇచ్చేశారు. అన్నట్టు, నువ్వు దాతగారి అబ్బాయివటగా, ఒక రూపాయి చేబదులిస్తావా?"

అయ్యలారా, అమ్మలారా, నా ప్రతిజ్ఞ వినండి. లేనిది ఉందని చెప్పే హక్కు మా వంశంలో మా నాయనది, దాన్ని నేను ముట్టుకోను. ఉన్నది లేదని మాత్రం ఈ జన్మలో ఇంకెవ్వరికీ చెప్పను. ఆ రూపాయి కూడా, జేబులో ఉంది కనుక, మారుమాట్లాడకుండా ఇచ్చేశాను.