నేతి అంగట్లో అమ్మ నాలుక

మా నాయనది చిత్తూరులో నేతి అంగడి. పల్లెల నుంచి ఆడవాళ్లు కాచి తెచ్చిన నెయ్యిని ఒక చుక్క అరచేతిలో వేసుకుని, నాలుకకు తగిలించి ధర చెప్పేవాడు. వనస్పతి కలిపిన నెయ్యి ఆయన దగ్గర చెల్లేది కాదు. బజారంతా ఆ మాటే అనేది, ఆయన మీసం దువ్వుకునేవాడు.

చక్కెర జబ్బు వచ్చాక నాయన కాఫీలో చక్కెర మానేశాడు, అన్నం తగ్గించాడు. మొండిమనిషి, అన్నాడంటే అంతే. అయితే అన్నం తగ్గిన లోటు తీరేలా రాగిసంగటి మీద గరిటెతో నెయ్యి పోయించుకునేవాడు. "తీపి లేదు కదా, ఇంకేం భయం?" అనేవాడు. మేమూ అదే నమ్మాం. మా ఇళ్లలో నెయ్యంటే బలం!

పంతొమ్మిది వందల ఎనభైల్లో ఒకసారి నాయన ఛాతీ పట్టేసినట్టుందంటే తిరుపతికి తీసుకెళ్లాం. డాక్టరు రక్తపరీక్ష చూసి కొలెస్ట్రాల్ బాగా పెరిగిందన్నాడు. "చక్కెరకు ఈ కొవ్వు తోడైతే గుండెకు మరీ ప్రమాదం. రెండూ అదుపులో ఉండాలి. మాత్రలు వేసుకోండి, రోజూ నడవండి, నెయ్యి మానేయండి."

"ఇంట్లో మానేస్తా సార్. అంగట్లో ఎట్ల?"

"రోజంతా చుక్క చుక్కా మింగితే అది మాత్రం తక్కువా?"

ఉమ్మేయొచ్చు కదా అంటారేమో. అయ్యో, ఒక ఇల్లాలు కాచి తెచ్చిన నెయ్యిని ఆమె కళ్ల ముందే ఉమ్మేస్తే ఇంకేమన్నా ఉందా! ఆమె పరువు తీసినట్టే. మళ్లీ మా గడప తొక్కదు. ప్రాణం చూసుకోవాలా, అంగడి చూసుకోవాలా అని నాయన కుమిలిపోయాడు.

అమ్మే తేల్చేసింది. "నాకే జబ్బూ లేదు కదా. నేనొచ్చి కూసుంటా. మీరు వాసన సూడండి, నేను రుచి సూస్తా."

మా వాళ్లలో ఆడవాళ్లు అంగడి గద్దె ఎక్కరు. బంధువులు ముక్కున వేలేసుకున్నారు. నాకైతే ఒళ్లు మండిపోయింది. రేపు మనిషికేమన్నా అయితే వీళ్లొచ్చి ఆదుకుంటారా?

అమ్మ గద్దె మీద ఓ మూల కూర్చుంది. నాయన పొద్దున్నే నడకకు పోయేవాడు, సంగటిలోకి ఆకుకూర పప్పుతో సరిపెట్టుకునేవాడు. తర్వాతి పరీక్షలో కొవ్వు కాస్త దిగింది. ఇదే పట్టు మీద ఉండమన్నాడు డాక్టరు.

ఆ వారమే ఐరాల నుంచి నాయన పాత స్నేహితుడు డబ్బా నెయ్యి తెచ్చాడు. అమ్మ చుక్క రుచి చూసి, "దీంట్లో ఏందో కలిపినారు" అంది.

ఆయన మొహం ఎర్రబడింది. "ఆడోళ్లకేం తెలుస్తాదప్పా? నువ్వు సూసి సెప్పు, తల వంచుకొని పోతా. ఒక్క సుక్క!"

అలవాటుకొద్దీ నాయన అరచెయ్యి ముందుకొచ్చేసింది. పక్క అంగళ్ల వాళ్లంతా చూస్తున్నారు.

నాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇన్నేండ్లూ నేను తిన్న కూట్లో ఉప్పూ కారం సూసింది ఈమె నాలుకేనప్పా. కలిపినారు అనిందంటే కలిపినట్టే. డబ్బా ఎత్తుకో."

ఆయన గొణుక్కుంటూ పోయాడు. నాయన పక్కకు జరిగి, అమ్మను గద్దె మధ్యలో కూర్చోమన్నాడు.