మా ఊరి బస్సు నింపడానికి మా వంతు

మా చిన్నప్పుడు... శనివారం సాయంత్రం చపాతీల డబ్బా పట్టుకుని ఎల్బీ నగర్ చౌరస్తాలో మా ఊరి బస్సు కోసం నిలబడేవాళ్లం. ఊళ్లో పండగా లేదు, పెళ్లీ లేదు. అయినా వెళ్లాల్సిందే... ఆ వారం మా వంతు మరి!

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. సమ్మెలో ఆగిపోయిన బస్సులన్నీ మళ్లీ తిరిగాయి, నల్గొండ వైపున్న మా ఊరి బస్సు తప్ప. సాయంత్రం ఎల్బీ నగర్‌లో బయల్దేరి, రాత్రికి ఊళ్లో ఆగి, పొద్దున్నే తిరిగొచ్చే బస్సు అదొక్కటే. పెద్దనాన్న డిపోకి వెళ్లి అడిగితే, "మీ ఊళ్లె జనమేరి? ఖాళీ బస్సు ఎట్ల తిప్పాలె?" అన్నారట.

అదీ నిజమే... సగం ఊరు మాలాగే మీర్‌పేట్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో కిరాయికి ఉండేది. కానీ పెద్దనాన్న కూతురు సరితక్క ఆ బస్సులోనే ఇంటరు కాలేజీకి వెళ్లేది. "బస్సు లేకుంటే సదువు బంద్," అని పెద్దమ్మ అప్పటికే తేల్చేసింది. అక్క అన్నం మానేసింది.

పెద్దనాన్న బతిమాలితే ఒక నెల తిప్పి చూస్తామన్నారు. టికెట్లు తెగితే బస్సు ఉంటుంది, లేకపోతే లేదు. ఇంకేముంది... పట్నంలో ఉన్న మా ఊరివాళ్లంతా మా డాబా మీద కూర్చుని, బస్సు మనమే నింపుదామని తీర్మానించారు.

మొదటి శనివారం అందరూ ఒకేసారి ఎగబడ్డారు. ఫుట్‌బోర్డు మీద కూడా మావాళ్లే! సోమవారం చూస్తే బస్సులో డ్రైవరు, కండక్టరు, ఓ ముసలాయన, ఆయన మేక. నాన్న తల పట్టుకున్నాడు. అప్పుడు పెట్టారు వంతులు. మామూలు రోజుల్లో మగవాళ్లు డ్యూటీ దిగి బస్సెక్కి, ఊళ్లో పడుకుని, పొద్దున్నే వచ్చి మళ్లీ డ్యూటీకి పోయేవాళ్లు. శనివారాలు పిల్లాజెల్లలతో మేము. ఒక మామ టికెట్టు కొని ఇంట్లోనే ఉంటానంటే కండక్టరు ఒప్పుకోలేదు. "మనిషి కూసుంటెనే టికెట్ కొడ్త," అన్నాడు.

ఒకసారి మా వంతు నాడే అమ్మకు జ్వరం. పక్క పోర్షన్‌లో ఉండే గుంటూరు ఆంటీ, "ఆ సీటు ఖాళీగా పోవడమెందుకండీ, నేనొస్తాను," అని చెప్పులేసుకుంది. బస్సులో వెనక కుర్రాళ్లు జై తెలంగాణ అని నినాదాలు... తన మాట వింటే ఎక్కడిదో తెలిసిపోతుందని ఆంటీ దారంతా నాతో కూడా మాట్లాడలేదు.

ఊళ్లో దిగాక, ఆంటీది గుంటూరని నాయనమ్మకు భయపడుతూనే చెప్పాను. "ఎక్కడిదైతేంది? మన బస్సు నింపనీకొచ్చిన బిడ్డ," అని జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు ముందు ఆమెకే పెట్టింది. "బాబోయ్, ఇంత కారం మా గుంటూరులో కూడా తినమండీ!" అంటూ అప్పుడు తెరిచింది ఆంటీ నోరు. ఆ రాత్రి ఎంత నవ్వుకున్నామో...

నెల తిరిగింది. బస్సు ఉండిపోయింది. అక్క ఇంటరు పాసైంది, నర్సింగు చదివింది. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ దగ్గరే ఓ దవాఖానలో పని చేస్తోంది. ఆ నెల బస్సులో కూర్చున్నవాళ్లు ఎవరొచ్చినా, ఎంత పనిలో ఉన్నా లేచి నిలబడుతుంది. గుంటూరు ఆంటీ వస్తే గేటు దాకా ఎదురెళ్తుంది.

ఇప్పుడు ఎల్బీ నగర్ దాకా మెట్రో ఉంది, మావాళ్లందరికీ కార్లున్నాయి. ఎవరికి వాళ్లం వెళ్లొస్తున్నాం. ఈ రోజుల్లో ఓ ఆడపిల్ల చదువు ఆగిపోతోందని తెలిస్తే, గ్రూపులో ఓ ఏడుపు బొమ్మ పెట్టి ఊరుకుంటామేమో అని నా భయం.

మీ చదువు ఆగకుండా ఎవరెవరు నిలబడ్డారు? వాళ్ల పేర్లు కింద రాయండి... ఒక్కొక్కటీ సరితక్కకు చదివి వినిపిస్తాను.