పిచర్ పక్కన ఖాళీ చోటు

తొంభైల చివర్లో, ఒక మార్చి నెలాఖరున, కాల్గరీలోని ఒక ప్రొఫెషనల్ బేస్‌బాల్ జట్టులో అసిస్టెంట్ అథ్లెటిక్ థెరపిస్టుగా చేరాను. అగ్రశ్రేణి లీగుకు ఒక్క మెట్టు కింద ఆడే జట్టు అది. ఆటకు ముందు కీళ్ళకు టేపు చుట్టడం, ఆట అయ్యాక ఐసు కట్టడం, మధ్యలో ఎవరి ఒంట్లో ఏం తేడా చేస్తోందో కనిపెట్టి ఉండటం మా పని. ఆటగాణ్ణి ఆపే అధికారం మాత్రం మాకు లేదు. అది మేనేజరుది. బేస్‌బాల్‌లో మేనేజరంటే ఆఫీసు మనిషి కాదు, జట్టు పెద్ద; ఎవరు ఆడాలో ఎవరు దిగిపోవాలో అతని మాటే. అతన్ని అందరూ 'స్కిప్' అనేవారు. నన్ను 'డాక్' అనేవారు. నేను డాక్టర్ని కానయ్యా, తెనాలిలో పుట్టి ఫిజియోథెరపీ చదువుకుని వచ్చినవాణ్ణి అని మొదటివారమే చెప్పుకున్నాను. అలాగే డాక్, అన్నారు.

ఆ కాలపు ఆటగాళ్ళను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త బెంగగానూ ఉంటుంది. బస్సులో పేకాట, నోటినిండా పొద్దుతిరుగుడు గింజలు, డగౌట్ నేలంతా వాటి పొట్టు. డగౌట్ అంటే మైదానం అంచున జట్టు కూర్చునే చోటు. ఒకతను గెలుస్తున్నన్నాళ్ళూ మేజోళ్ళు ఉతికేవాడు కాదు. ఆ కాళ్ళకు టేపు చుట్టాల్సింది నేనే గనక మా జట్టు ఎప్పుడు ఓడిపోతుందా అని లోపల్లోపల ఎదురుచూసిన రోజులున్నాయి. పెద్ద లీగులో కోట్లు వస్తాయని పేపర్లలో చదివేవాళ్ళం గానీ, మా వాళ్ళు చలికాలంలో ఇళ్ళకు గోడపలకలు బిగించీ, ఫర్నిచర్ షాపుల్లో మంచాలు మోసీ బతికేవారు. ఆ పలకలు బిగించేవాడే వెస్. ఒంటారియో కుర్రాడు, మా పిచర్లలో మేటి. పిచర్ అంటే మన బౌలరే అనుకోండి.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఆట. పొద్దున్నే మైదానం మీది మంచు పారలతో ఎత్తిపోశారు. మా హెడ్ థెరపిస్టు ఇంకో ఆటగాణ్ణి స్కానింగ్‌కి తీసుకెళ్ళడంతో ఆ రోజు బాధ్యతంతా నా మీదే పడింది. వెస్ బంతి వేస్తుంటే ఎదుటి జట్టులో ఒక్కడూ హిట్ కొట్టలేకపోతున్నాడు. హిట్ అంటే బంతిని కొట్టి, బేస్ అనే మొదటి మజిలీకి క్షేమంగా చేరడం. ఆటలో ఉండే తొమ్మిది ఇన్నింగ్సులూ ఒక్క హిట్టయినా ఇవ్వకుండా ముగిస్తే దాన్ని నో-హిట్టర్ అంటారు. చాలామంది పిచర్లకు జీవితంలో ఒక్కసారి కూడా దొరకదది. పెద్ద లీగునుంచి పిలుపు కోసం ఎదురుచూస్తున్నవాడికైతే దాని విలువ వేరే చెప్పాలా.

అలాంటప్పుడు ఆ ఆటలో ఒక కట్టుబాటుంది. పిచర్‌తో ఎవరూ మాట్లాడరు. పక్కన కూర్చోరు. నో-హిట్టర్ అన్న మాట ఎవరి నోటా రాదు, అతని వంకైనా చూడరు. ఇది నాకు వింతగా అనిపించలేదు. మా ఇంట్లో రేడియోలో క్రికెట్ వింటున్నప్పుడు మనవాడు తొంభై దాటాడంటే మా నాన్నగారు ఎవర్నీ కూర్చున్న చోటునుంచి కదలనిచ్చేవారు కాదు. వెస్ బెంచి చివర ఒక్కడే కూర్చున్నాడు. అందరి కళ్ళూ అతన్ని తప్పించుకుని తిరుగుతున్నాయి.

చూస్తున్నది నేనొక్కణ్ణే. అందుకే ఆరో ఇన్నింగ్స్ అయి వచ్చి కూర్చున్నాక అతని కుడిచేతిలోంచి కాగితపు కప్పు జారిపోవడం నా కంటబడింది. వంగి దాన్ని ఎడమచేత్తో తీశాడు. చలికి వేళ్ళు కొంకర్లు పోవడం మామూలే. కానీ నేనిచ్చిన వేడి ప్యాకెట్టు అతని జేబులోనే ఉంది, ఎడమచెయ్యి ఎర్రగానే ఉంది. కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ సున్నం కొట్టినట్టున్నాయి.

లేచి వెళ్ళి అతని పక్కన కూర్చున్నాను. బెంచి మీద గింజలు నమిలే చప్పుడు ఆగిపోయింది. "డాక్, నీకు మతి పోయిందా?" అని ఎవరో పళ్ళు నూరుతూ అన్నారు. వినిపించనట్టే ఉండి వెస్ చెయ్యి అందుకున్నాను. గోరు నొక్కి వదిలితే రంగు వెంటనే తిరిగి రావాలి. రాలేదు. మణికట్టు దగ్గర నాడి చూశాను. ఎడమచేతిలో దిట్టంగా కొట్టుకుంటోంది, కుడిచేతిలో అందలేదు. వెస్ చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

స్కిప్ దగ్గరికి వెళ్ళి విషయం చెప్పాను. ఇంకా మూడు ఇన్నింగ్సులే కదా డాక్, అన్నాడు. అప్పటిదాకా ఆగితే ప్రమాదమన్నాను. ఖాయంగా చెప్పగలవా అని అడిగాడు. "నాడి అందట్లేదు, అది ఖాయం. ఎందుకో హాస్పిటల్లో చెప్తారు" అన్నాను. రెండో సీజన్ కూడా ఉంచుతారో లేదో తెలియని ఉద్యోగం నాది. నేను చెప్పింది తప్పయితే ఒక మనిషికి జీవితంలో ఒక్కసారి దొరికే రోజును నా చేతులతో పాడుచేసినవాణ్ణవుతాను. స్కిప్ లేచి, ఇంకో పిచర్‌ని సిద్ధం కమ్మన్నాడు.

స్టేడియమంతా గోల పెట్టింది. ఆ వచ్చినవాడు రెండో బంతికే హిట్ ఇచ్చాడట. అప్పటికి నేనూ వెస్‌తోపాటు అంబులెన్సులో ఉన్నాను.

హాస్పిటల్‌కి మా ఆవిడ సుభద్ర పెరుగన్నం డబ్బా పట్టుకుని వచ్చింది. "రేడియోలో మిమ్మల్ని ఉతికి ఆరేస్తున్నారు, తెలుసా?" అంది.

"ఆరెయ్యనీ" అన్నాను.

"ఉద్యోగం పోతే పోయింది లెండి. ఆ అబ్బాయి చెయ్యి బాగవుతుందా?"

తెలియదన్నాను. ఆ డబ్బా మూత తియ్యబుద్ధి కాలేదు.

సాయంత్రం సర్జన్ బయటికొచ్చి, చంక దగ్గర రక్తనాళంలో గడ్డకట్టిన రక్తం అడ్డుపడిందనీ, తీసేశామనీ, వేళ్ళకు రంగు వచ్చిందనీ చెప్పాడు. బంతి విసిరీ విసిరీ ఆ నాళం నలిగిందట. ఇంకో గంటా గంటన్నర విసిరి ఉంటే వేళ్ళు దక్కేవని మాట ఇవ్వలేకపోయేవాణ్ణి అన్నాడు. హమ్మయ్య అని తెలుగులోనే అనేశాను. గుండెల మీది బండ దిగిపోయింది. పెరుగన్నం అప్పుడు తిన్నాను. అంత రుచిగా అన్నం తిన్న గుర్తు మళ్ళీ లేదు.

ఆటగాళ్ళకు మనసొప్పడానికి మాత్రం టైము పట్టింది. నేను చేసింది సరైనదేనని అందరికీ తెలుసు. అయినా కొన్ని వారాలు డగౌట్‌లో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. జూన్‌లో వెస్ చేతికి పట్టీతో వచ్చి, బెంచి అంతా ఖాళీగా ఉన్నా నన్ను ఆనుకుని కూర్చున్నాడు. మర్నాటినుంచి మిగతావాళ్ళూ మామూలైపోయారు. మరుసటి ఏడాది వెస్ మళ్ళీ ఆడాడు, కొన్నాళ్ళు పెద్ద లీగులోనూ ఆడాడు. నో-హిట్టర్ దరిదాపుల్లోకి మాత్రం మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

రిటైరయ్యాక మేము ఒంటారియోలోని నార్త్ యార్క్‌లో స్థిరపడ్డాం. వెస్ ఒంటారియోలోనే కేంబ్రిడ్జ్‌లో ఒక వేర్‌హౌస్‌లో సూపర్‌వైజరు. పోయిన వేసవిలో పాత జట్టు వాళ్ళను తన ఇంటికి పిలిచాడు. అందరికీ పొట్టలొచ్చాయి, మేజోళ్ళవాడు ఉతికినవే వేసుకొచ్చాడు. వెస్ పెరట్లో నిలబడి మొక్కజొన్న పొత్తులు ఒలుస్తున్నాడు. అలవాటు కొద్దీ నా కళ్ళు అతని గోళ్ళ మీదికే పోయాయి.

అది గమనించి, ఇన్నేళ్ళూ చెప్పని మాటొకటి చెప్పాడు. "నాలుగో ఇన్నింగ్స్ నుంచే వేళ్ళు తిమ్మిరిగా ఉన్నాయి డాక్. నా అంతట నేను చెప్తే అచ్చిరాదనుకున్నా. ఎవరైనా అడిగితే చెప్దామని బెంచి మీద చూస్తూ కూర్చున్నా. నువ్వొచ్చేదాకా ఎవరూ అడగలేదు."

అని కుడిచెయ్యి నా ముందుకు చాపాడు. చూపుడువేలి గోరు నొక్కి వదిలాను. రంగు వెంటనే వచ్చింది.

ఆ ఏప్రిల్ తర్వాత నేనొక పద్ధతి పెట్టుకున్నాను. స్కోరు ఏదైనా, ఎవరేమనుకున్నా, ప్రతి ఇన్నింగ్స్ అయ్యాక పిచర్ పక్కన కూర్చుని చెయ్యి చూసేవాణ్ణి. మొదట్లో విసుక్కున్నారు, తర్వాత అడక్కుండానే చెయ్యి చాపేవారు. నొప్పి ఉన్నవాడు తనే చెప్తాడని నమ్మి కూర్చోవడం మా వృత్తిలో పనికిరాదు. వెళ్ళి అడగాలి.